‘నేను ఇంట్లో ఉంటాలే... మీరు వెళ్ళిరండి!’

సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇంట్లో పిల్లల గోల మొదలవుతుంది. ఈసారి రామోజీ ఫిల్మ్ సిటీకే అని ఒకరు, కాదు వండర్‌లాకి అని ఒకరు. అయ్యగారు క్యాలెండర్ తిరగేస్తారు, అమ్మగారు పోపుల డబ్బా తిరగేస్తారు. ఎలాగో లెక్క కుదిరింది అనుకునేసరికి లోపలి గదిలోంచి ఓ మాట వినిపిస్తుంది.

“నేను ఇంట్లో ఉంటాలే అమ్మాయ్. మీరు వెళ్ళిరండి.”

ఈ మాట వినని తెలుగిల్లు ఉండదేమో! మోకాళ్ళు అరిగిన అత్తగారు, పక్షవాతం వచ్చి తగ్గినా కాలు ఈడ్చే మామగారు, తుంటి ఎముకకి ఆపరేషనైన పెద్దమ్మ, చిన్నప్పుడు పోలియో వచ్చిన ఆడపడుచు... ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు ఉంటారు. “పాపం, ఆవిడే వద్దంది కదా” అని మనమూ ఊరుకుంటాం. కానీ ఈ మాట వెనక ఇంకో లెక్క ఉంది, గమనించారా? పెద్దావిడ ఇంట్లో ఉండిపోతే ఆవిడకి తోడు ఎవరుండాలి? కొడుకు ఉండడు. మనవడు ఉండడు. ఉంటే గింటే కోడలే ఉంటుంది. లేకపోతే ఊళ్ళో ఉన్న కూతురు తన ఇల్లు వదిలి రావాలి. అంటే ఒకరి మోకాళ్ళ నొప్పికి ఇద్దరు ఆడవాళ్ళ ప్రయాణం ఆగిపోతుందన్నమాట! పిల్లలు తెచ్చిన ఫొటోల్లో ఆ ఇద్దరూ ఉండరు. పదేళ్ళ తర్వాత ఆల్బమ్ తిరగేస్తే, ఆ సెలవులకి ఇంట్లో ఆడవాళ్ళే లేరేమో అనిపిస్తుంది.

మా అత్తయ్యకి డెబ్భై మూడేళ్ళు. పామర్రు దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక విజయవాడ సత్యనారాయణపురానికి కాపురానికొచ్చారు. ఒకప్పుడు మావారిని చంకనేసుకుని దుర్గమ్మ కొండ మెట్లన్నీ ఎక్కిన మనిషి. ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కుడివైపుది మరీను. ఇంట్లో చేతికర్రతో తిరుగుతారు. వీధిలోకి కూరగాయల బండి వస్తే దాని దాకా వెళ్ళి బేరమాడతారు (ఆ బేరంలో మాత్రం ఏ నొప్పీ ఉండదు!). అంతకు మించి నడవాలంటే మాత్రం పది నిమిషాలకో కుర్చీ కావాలి. ఇలాంటి మనిషిని ఎకరాలకి ఎకరాలు తిరగాల్సిన చోటుకి తీసుకెళ్ళడం సాధ్యమా అని చుట్టాలంతా అడిగారు. పోయినేడు దసరా సెలవుల్లో మేం ఆరుగురం, ఆవిడతో కలిపి ఏడుగురం వెళ్ళొచ్చాం. మూడు వారాల ముందునుంచీ చేసుకున్న ఏర్పాట్లలో నాకు తెలిసినవి నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

అసలు భయం మోకాళ్ళది కాదు

“నా వల్ల మీ సరదా పాడవుతుంది” అన్నదే పెద్దవాళ్ళు పైకి చెప్పే కారణం. దాన్ని పట్టుకుని “అబ్బే, అదేం లేదు, మీరు రావాల్సిందే” అని బలవంతం చేస్తే పని జరగదు. ఓ మధ్యాహ్నం గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ తీరిగ్గా కూర్చుని, “అత్తయ్యా, నిజంగా దేనికి భయం?” అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మొదటిది, బాత్‌రూము. ఇంట్లో కమోడ్ ఉంది, పక్కన గోడకి పట్టుకునే కడ్డీ కూడా వేయించాం. దారిలో అలాంటివి దొరక్కపోతే? నేలమీద కూర్చుంటే లేవలేరు. అందుకని ఆవిడ ఏ ఊరెళ్ళాలన్నా ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్ళు మానేస్తారట! పాతికేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న నా మేనత్త కూతురికీ ఈ సంగతి తెలీదు. మీ ఇళ్ళలో అమ్మలూ అత్తలూ కూడా ఇదే చేస్తుంటారు, ఒకసారి అడిగి చూడండి.

రెండోది, చక్రాల కుర్చీ. “పదిమందీ చూస్తుండగా నన్ను బండిలో కూర్చోబెట్టి ఊరేగిస్తారా?” అన్నారు.

మూడోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు. “మీ ఆయనకి నడక తొందరెక్కువ. నేను వెనకబడితే పైకేమీ అనడు గానీ, ఆగి వెనక్కి తిరిగి చూస్తాడు చూడూ... ఆ చూపుకే నాకు ఎక్కడికీ రాబుద్ధి కాదు.”

చూశారా! ఈ మూడింటిలో ఒక్కటీ మోకాలి నొప్పి కాదు. నొప్పికి డాక్టరున్నాడు, మాత్రలున్నాయి. వీటికి మాత్రం ఇంట్లోవాళ్ళే మందు వెతకాలి.

మూడోదానికి మందు ఆ రాత్రే వేశాం. అక్కడికెళ్ళాక కుర్చీ తోసే పని పూర్తిగా కొడుకుదే అని తీర్మానించాం. “నేనా?” అన్నారు మావారు. “మీ అమ్మగారే కదా” అన్నాను. తోసేవాడికి నడక తొందర ఉన్నా ఇబ్బంది లేదు, వెనక్కి తిరిగి చూసే పనీ లేదు. పగలంతా ఒక్కరే తోయడం కష్టం కాబట్టి మధ్యాహ్నం పూట మా మరిదికి ఇచ్చాం. కోడళ్ళకి మాత్రం ఇవ్వలేదు. ఇది నేను కావాలనే పెట్టిన షరతు. పెద్దవాళ్ళతో ప్రయాణమంటే బ్యాగు మొయ్యడం, మాత్రలు గుర్తుపెట్టుకోవడం, బాత్‌రూముకి తోడెళ్ళడం ఎలాగూ మన మెడకే చుట్టుకుంటాయి. తోయడానికైనా మగవాళ్ళు ముందుకు రావాలి.

విమానం దగ్గర లేని నామోషీ...

చక్రాల కుర్చీ నామోషీ సంగతి చెప్పాలంటే నాకు నవ్వొస్తుంది. మన కృష్ణా జిల్లాలో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు అరుదు. కోడలి పురుడనో, మనవడి పుట్టినరోజనో వెళ్ళే అమ్మలకి పిల్లలు టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయిస్తారు. నడవగలిగినవాళ్ళకి కూడా! ఎందుకంటే కుర్చీ తోసే మనిషి ఇమిగ్రేషన్ దాటించి, సామాను తీయించి, బయట నిలబడ్డ కొడుకు చేతిలో పెడతాడు. భాష రాదన్న బెంగ ఉండదు. అలా దర్జాగా కూర్చుని సముద్రాలు దాటొచ్చిన ఆవిడే ఇక్కడ పార్కులో కుర్చీ అంటే “నేనేమైనా రోగిష్టిదాన్నా?” అంటుంది! మా వీధిలో ఓ పిన్నిగారు అలా రెండుసార్లు వెళ్ళొచ్చారు. ఆవిణ్ణి ఓ సాయంత్రం కాఫీకి పిలిచి అత్తయ్య పక్కన కూర్చోబెట్టాను. అమెరికాలో డిస్నీ పార్కుకి వెళ్ళినప్పుడు అక్కడ అద్దెకిచ్చే కుర్చీలో రోజంతా తిరిగానని, తనలాంటివాళ్ళు లెక్కలేనంతమంది కనిపించారని ఆవిడ చెబుతుంటే అత్తయ్య విన్నారు. నేను వందసార్లు చెప్పినా దిగని మాట ఆవిడ ఒక్కసారి చెబితే దిగింది.

అన్నట్టు, అమెరికాలోనే టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని ఓ పార్కుంది. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన కూతురికి వైకల్యం ఉంది. మిగతా పిల్లలు ఆమెతో కలిసి ఆడకపోవడం చూసి, అందరూ కలిసి ఆడుకునేలా 2010లో ఆ పార్కు తెరిచాడు. దానికి కూతురి పేరే పెట్టాడు. చక్రాల కుర్చీతో పాటే ఎక్కే రంగులరాట్నం, ఊయల ఉన్నాయక్కడ. వైకల్యం ఉన్నవాళ్ళకి టికెట్ లేదు. 2017లో పక్కనే నీళ్ళ పార్కు కూడా కట్టారు. టెక్సాస్‌లో పిల్లలున్న అమ్మలు ఈసారి వెళ్ళినప్పుడు చూసి రండి.

రైడ్లు ఎక్కే పార్కా, కూర్చుని చూసే పార్కా?

మా పిల్లలు ముందు వండర్‌లా అన్నారు. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో 2016లో వచ్చిన ఈ పార్కు ముఖ్యంగా రైడ్లు ఎక్కేవాళ్ళది, నీళ్ళలో ఆడేవాళ్ళది. గుండెజబ్బు, వెన్నునొప్పి, మెడనొప్పి ఉన్నవాళ్ళూ, గర్భిణులూ పెద్ద రైడ్లు ఎక్కకూడదని ఏ పార్కులోనైనా బోర్డు ఉంటుంది. అది న్యాయమే. కానీ అలాంటి చోట పెద్దావిడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ కూర్చోవాలి. ఇంట్లో కాపలా బదులు అక్కడ కాపలా, అంతే కదా!

ఫిల్మ్ సిటీ సంగతి వేరు. 1996లో మొదలైన ఈ స్టూడియో 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంత విశాలం అంటే భయపడక్కర్లేదు. విశాలం కాబట్టే గేటు దగ్గర్నుంచి లోపలికి బస్సులోనే తీసుకెళ్తారు. సెట్టింగులు కూడా చాలావరకు బస్సులో కూర్చునే చూడొచ్చు, గైడు మైకులో చెబుతుంటాడు. ఆటలు, పాటలు, స్టంట్ షోలు కూర్చుని చూసేవే. పైగా సినిమా అంటే అత్తయ్య తరంవాళ్ళకి పండగే. పామర్రు వైపునుంచి బండి కట్టించుకుని వచ్చి దుర్గా కళామందిరంలో రెండో ఆట చూసి, తెల్లారి ఇంటికెళ్ళిన కబుర్లు ఆవిడ దగ్గర బోలెడు.

ఇంకో లాభం కూడా ఉంది. ఫిల్మ్ సిటీ విజయవాడ వైపునుంచి వెళ్ళేవాళ్ళకి హైదరాబాద్ కంటే ముందే, జాతీయ రహదారి పక్కనే వస్తుంది. సుమారు 240 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగి, ట్రాఫిక్ అంతా దాటుకుని మళ్ళీ ఇదే రోడ్డులో వెనక్కి రావాలి. అందుకని కారే నయం అనుకున్నాం.

వేరే ఊరైతే ఇదే లెక్కలో ఆలోచించండి. విశాఖలో కైలాసగిరికి రోప్‌వే ఉంది, బీచ్ రోడ్డు మీద కార్లోంచే సముద్రం కనిపిస్తుంది. కానీ ఆ రోడ్డులోనే ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి వెళ్ళాలంటే ఇరుకు ద్వారాల్లోంచి కాళ్ళెత్తి దాటాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళ వల్ల కాదు. బొర్రా గుహల్లో మెట్లే మెట్లు. మన మంగినపూడి బీచ్, హంసలదీవి అయితే ఇసుకే శత్రువు, చక్రం కదలదు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో చక్రాల కుర్చీలు అలల దాకా వెళ్ళేలా చెక్క బాట వేశారు. పది పన్నెండు రోజులకే మాండౌస్ తుపాను దాన్ని దెబ్బతీస్తే మళ్ళీ బాగుచేశారు. మన మంగినపూడికి అలాంటిది ఒకటి ఎందుకు రాకూడదు?

ఫోన్‌లో ఏమడగాలి?

“పెద్దవాళ్ళకి సదుపాయాలున్నాయా?” అని అడిగితే ఎవరైనా “ఉన్నాయండీ” అనే అంటారు. అలా అడగకూడదు. గుచ్చి గుచ్చి అడగాలి. చక్రాల కుర్చీలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ముందుగా చెబితే ఒకటి అట్టే పెడతారా, డిపాజిట్ ఎంత? మా కుర్చీ మేం తెచ్చుకుంటే లోపలికి రానిస్తారా, బస్సులో మడిచి పెట్టనిస్తారా? బస్సు మెట్టు ఎంత ఎత్తు? కమోడ్ ఉన్న బాత్‌రూములు లోపల ఎన్నిచోట్ల ఉన్నాయి? షో జరిగేచోట కూర్చోడానికి మెట్లెక్కాలా, కింద వరసలో జాగా ఇస్తారా? ఇవన్నీ ఓ కాగితం మీద రాసుకుని, అడిగి, చెప్పినవాళ్ళ పేరూ తేదీ పక్కన వేసుకున్నాను. “ఎవరు చెప్పారమ్మా?” అని గేటు దగ్గర అడిగితే చూపించడానికి.

గది తీసుకునేటప్పుడు కూడా అంతే. ఫిల్మ్ సిటీలోనే సితార, తార లాంటి హోటళ్ళున్నాయి. ఎక్కడ దిగినా కింది అంతస్తు గానీ లిఫ్టు దగ్గరి గది గానీ అడగండి. బాత్‌రూము గడప ఎత్తెంత, తలుపు వెడల్పెంత అని కూడా అడగాలి. మామూలు చక్రాల కుర్చీ వెడల్పే రెండడుగులు పైన ఉంటుంది. తలుపు రెండున్నర అడుగులకి తగ్గితే కష్టం. మంచం మరీ పల్లంగా ఉంటే లేవడానికి బాధ. ఇంకో పరుపు వేయమంటే ఎత్తవుతుంది. ఒకరోజులో పోయొద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఖర్చు కలిసొస్తుందేమో గానీ, పెద్దవాళ్ళకి అదొక శిక్ష.

కుర్చీ మేం విజయవాడలోనే అద్దెకి తీసుకున్నాం. సూర్యారావుపేటలో ఆసుపత్రుల చుట్టుపక్కల సర్జికల్ షాపులున్నాయి కదా, అక్కడ వాకబు చేస్తే దొరికింది. కుర్చీ తీసుకునేటప్పుడు వెనక చక్రాలు పెద్దవి ఉన్నదే ఎంచుకోండి. నాలుగూ చిన్న చక్రాలున్నవి తేలిగ్గా ఉంటాయి గానీ బయట రాళ్ళలో, గతుకుల్లో ఇరుక్కుంటాయి. రెండు వైపులా బ్రేకులు పడుతున్నాయో లేదో, పాదాలు పెట్టుకునే రేకులు పైకి మడుస్తున్నాయో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ కారు డిక్కీలో సూట్‌కేసులతో పాటు అది పడుతుందో లేదో ముందురోజే పెట్టి చూడండి. ఇనుప కుర్చీ 15, 20 కిలోలుంటుంది. అల్యూమినియంది తేలిక.

ఓ వారం ముందు బందరు రోడ్డులో ఓ పెద్ద షాపింగ్ మాల్‌కి తీసుకెళ్ళి ఆ కుర్చీలో రెండు గంటలు తిప్పాం. పైకి బట్టలు కొనడానికి, లోపల రిహార్సల్‌కి. ఎంతసేపు కూర్చుంటే నడుం పడుతోంది, దిండు కావాలా, కాళ్ళు వాస్తున్నాయా అన్నీ తెలిసిపోయాయి. అత్తయ్య అయితే రెండో అంతస్తులో లిఫ్టు దిగగానే, “అటు తిప్పరా, ఆ గద్వాల చీర చూద్దాం” అని కొడుకుని అదిలించడం మొదలెట్టారు. నామోషీ అక్కడితో సరి.

తోయడంలోనూ పద్ధతుంది

ఇది మగవాళ్ళ చేత చదివించండి. ఎత్తునుంచి పల్లానికి దిగేటప్పుడు కుర్చీని ముందుకు వదలకూడదు. వెనక్కి తిప్పి, తోసేవాళ్ళు కింద వైపు ఉండి, మెల్లగా వెనక్కి దింపాలి. లేకపోతే కూర్చున్నవాళ్ళు ముందుకు తూలిపడతారు. చిన్న మెట్టు ఎక్కించాలంటే కుర్చీని కొంచెం వెనక్కి వంచి ముందు చక్రాలు మెట్టుమీద పెట్టి, తర్వాత వెనక చక్రాలు ఎక్కించాలి. నలుగురు కలిసి ఎత్తాల్సివస్తే చేతులు ఆనించే చోటా, పాదాల రేకుల దగ్గరా పట్టుకోకూడదు. కొన్ని కుర్చీలకి అవి ఊడొస్తాయి. గట్టి ఫ్రేమునే పట్టుకోవాలి. కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ బ్రేకు పడి ఉండాలి. చీర కుచ్చిళ్ళు, పైట చెంగు చక్రంలో పడకుండా చూడటం మాత్రం మనకే తెలుస్తుంది. చెంగు నడుముకి దోపించి, ఒళ్ళో ఓ శాలువా వేయండి.

కాసేపైనా నడుస్తామనే పెద్దవాళ్ళని నడవనివ్వండి. రోజంతా కూర్చోబెడితే కీళ్ళు బిగుసుకుపోతాయి. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. ఈ సంగతి చాలామందికి తెలీదు, సినిమాల్లో తాతయ్యలు కూడా తప్పుగానే పట్టుకుంటారు! చెయ్యి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. అడుగున రబ్బరు బుష్ అరిగితే కొత్తది వేయించండి, నున్నటి గచ్చు మీద జారుతుంది. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అత్తయ్య దీన్ని “ఎక్కితే మంచి, దిగితే చెడ్డ” అని బట్టీపట్టారు.

కారు ఎక్కడం ఇంకో ప్రహసనం. ఏడుగురికి పెద్ద బండే కావాలి, పెద్ద బండికి మెట్టు ఎత్తు. ఇంట్లో పూజకి కూర్చునే పీటల్లో కాస్త ఎత్తైనది, గట్టిది వెంట తీసుకెళ్ళాం. ముందు సీటు వెనక్కి జరిపి, సీటు మీద జారుడుగా ఉండే పాత పట్టుగుడ్డ వేశాం. వెనక్కి తిరిగి ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. పట్టుగుడ్డ మీద ఇట్టే తిరుగుతారు. ఆ పీట బస్సు ఎక్కేటప్పుడు కూడా అక్కరకొచ్చింది. పీట మోసే పని మా చిన్నాడిది.

పొద్దున్నే నాలుగింటికి లేపి బయల్దేరదీసే అలవాటు పెద్దవాళ్ళతో పనికిరాదు. కాఫీ, స్నానం, పూజ అయ్యాక తీరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరాం. గంటన్నరకోసారి ఆగి, దింపి, నాలుగడుగులు వేయించాం. నందిగామ, కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి... ఆగడానికి ఊళ్ళకేం కొదవ లేదు. నాలుగున్నర గంటల దారి ఆరు గంటలైంది, అయితేనేం! దారిలో ఓ పెద్ద హోటల్లో ఇడ్లీ అమృతంలా ఉంది గానీ, బాత్‌రూముకి నాలుగు మెట్లెక్కాలి, కడ్డీ లేదు. అందుకే ఆగేముందు ఒకరు దిగి బాత్‌రూము చూసొచ్చి, బాగుంటేనే మిగతావాళ్ళు దిగడం అని నియమం పెట్టుకున్నాం. పెట్రోలు బంకుల్లో కొన్నిచోట్ల కమోడ్లు శుభ్రంగా ఉంటున్నాయి. ఎందుకైనా మంచిదని ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ ఒకటి, మగ్గు, సబ్బు, తువ్వాలు ఓ సంచిలో విడిగా పెట్టాను. కమోడ్ కుర్చీ వాడే అవసరం రాలేదు. కానీ అది డిక్కీలో ఉందన్న ధైర్యంతోనే అత్తయ్య దారి పొడుగునా నీళ్ళు తాగారు. బీపీ మాత్రల్లో కొన్ని నీరు తీసేవి ఉంటాయి. ప్రయాణం కదా అని వాటిని మానేయడం, వేళ మార్చడం డాక్టర్ని అడక్కుండా చేయకండి.

రెండు జట్లు, ఒక గడియారం

అందరూ అన్నీ కలిసే చూడాలనుకుంటే ఎవరికీ ఏదీ తృప్తిగా ఉండదు. ఉదయం షోలకీ బస్సుకీ అందరం కలిసి. తర్వాత రెండు జట్లు. పిల్లల ఆటలున్న ఫండుస్తాన్ వైపు, చీకట్లో భయపెట్టే బోరాసుర వైపు ఒక జట్టు. నీడపట్టున కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ మిరపకాయ బజ్జీలు తినే జట్టు రెండోది. గంటకోసారి మనుషులు మారాలి. కలుసుకునే చోటూ టైమూ ముందే అనుకోవాలి. మారే వరసలో కోడళ్ళ పేర్లు ఎన్నిసార్లున్నాయో కొడుకుల పేర్లూ అన్నిసార్లే ఉండాలి, రాసుకోండి! నా వంతు సెలవు గంటలో పిల్లలతో పాటు రంగులరాట్నం ఎక్కాను. పెళ్ళయ్యాక ఎక్కడం అదే మొదలు. కింద కుర్చీలోంచి అత్తయ్య చెయ్యూపారు.

సినిమా ఎలా తీస్తారో చూపించే చోట, షోలేలో టాంగా పరుగు సన్నివేశాన్ని చూపించారు. ప్రేక్షకుల్లోంచే ఓ అమ్మాయిని పిలిచి టాంగాలో కూర్చోబెట్టి కుదిపి, చప్పుళ్ళు కలిపి తెరమీద వేసేసరికి నిజం గుర్రపుబండే! “ఇంత నాటకమా! ఇన్నేళ్ళూ ఏడిపించారే మనల్ని!” అని అత్తయ్య ఒకటే నవ్వు. బాహుబలి సెట్టింగు దగ్గర ఎండ చుర్రుమంది. పక్షుల పార్కు మేమే మానేశాం, అప్పటికే ఆవిడ కళ్ళు వాలిపోతున్నాయి. టికెట్ కొన్నాం కదా అని అన్నీ చూసి తీరాలన్న పట్టుదల పెద్దవాళ్ళున్నప్పుడు పెట్టుకోకూడదు. మండువేసవిలో మాత్రం వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు, అదీ శని ఆదివారాలు కాకుండా చూసుకోండి.

అడగడం మన హక్కు

ఒక్క విషయం చాలామందికి తెలీదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కార్యాలయాలకే కాదు, ప్రజలకి సేవలందించే ప్రైవేటువాళ్ళకీ వర్తిస్తుంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 రకాలు చేర్చారు. ఉన్న భవనాలని అయిదేళ్ళలో అందరికీ అనువుగా మార్చాలని కూడా అందులో ఉంది. 2017 జూన్‌లో నిబంధనలొచ్చాయి, అంటే ఆ గడువు 2022లోనే తీరిపోయింది. పాటించకపోయినా పరవాలేదన్నట్టు నిబంధనలుంటే కుదరదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. కాబట్టి ర్యాంపు ఉందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ర్యాంపు అన్నాక ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు ఉండాలి. మెట్లమీద ఇంత సిమెంటు పోసి నిటారుగా వదిలేస్తే దాన్ని ర్యాంపు అనరు, జారుడుబల్ల అంటారు.

రైలు ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి ఓ మాట. వృద్ధుల టికెట్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ రాయితీ ఆపలేదు. 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తు కోటా ఉంది. కానీ ఒక టికెట్ మీద ఒక్కరో, ఇద్దరో అయితేనే అది దొరుకుతుంది. అందరికీ కలిపి ఒకే టికెట్ తీస్తే రాదు. అత్తగారికీ మీ అమ్మగారికీ కలిపి విడిగా తీయండి. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే చోట ఉంటే కబుర్లకీ లోటుండదు.

తిరిగొచ్చాక రెండు రోజులు చుట్టాలెవర్నీ పిలవకండి. అత్తయ్యకి పాదాలు కాస్త వాచాయి. కాళ్ళకింద దిండు పెట్టుకుని పడుకుంటే మర్నాటికి తగ్గాయి. మా బాధలూ తక్కువేం కాదు, మావారికి భుజాలు పట్టేశాయి. ఆయనకి జండూబామ్ రాస్తూ అత్తయ్య, “రేపు వేసవికి విశాఖపట్నం అంటున్నార్రా పిల్లలు. కుర్చీ అద్దెకెందుకు, కొనేస్తే పోలా?” అన్నారు.